స్టిక్ మీద రెండు చేతులు

మండపాక భీమశంకరం ఆ మ్యూజియంలో చేరి తొమ్మిదేళ్ళయింది. జీతం లేని కొలువు. సైనిక విమానాల చరిత్రకు జాతీయ మ్యూజియం అంటే ఏ ఢిల్లీలోనో ఉంటుందనుకున్నవాళ్ళు, ప్రకాశం జిల్లా మెట్టలో, తెల్లవాళ్ళు యుద్ధకాలంలో వేసి వదిలేసి వెళ్ళిన రన్‌వే పక్కన బస్సు దిగి, తుమ్మచెట్ల మధ్య ఐదు పెద్ద రేకుల షెడ్లు చూసి, ఇదేనా అని అడిగేవాళ్ళు. ఇదే. నాలుగు షెడ్లలో అరవై రెండు విమానాలు ముక్కులన్నీ ఒకే దిక్కుకు తిప్పి నిలబడి ఉండేవి. ఏది ఏ యుద్ధంలో ఎగిరిందో, దేని ఇంజను ఎలా దగ్గేదో, దేంట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవో, భీమశంకరం బడిపిల్లలకు విసుగు లేకుండా చెప్పేవాడు.

“మీరు ఎన్ని విమానాలు నడిపారు తాతగారూ?” అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవాళ్ళు.

“ఒకటిన్నర,” అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. అది నిజమని వాళ్ళకు తెలియదు.

ఇరవై రెండేళ్ళ వయసులో అతను పైలట్ శిక్షణలో ఉండేవాడు. పంకా విమానం మీద నేర్చుకోవడం పూర్తిచేసి, జెట్ మీద సగం దాకా వచ్చాడు. ఆ సగం దగ్గర, ఒక మార్చి నెల పొద్దున, విమానం గింగిరాలు తిరుగుతూ కిందికి దిగి పొలాల్లో పడింది. ముందు సీట్లో ఉన్న భీమశంకరం సీటుతో సహా బయటికి ఎగిరిపడి, నడుము విరిగి బతికాడు. వెనక సీట్లో ఉన్న శిక్షకుడు, స్క్వాడ్రన్ లీడర్ పెనుమత్స రామభద్రరాజు, విమానంతో పాటే పోయారు. ఆ తరవాత భీమశంకరం మళ్ళీ విమానాన్ని తిప్పే ఆ స్టిక్ ముట్టుకోలేదు. సామాన్ల సరఫరా విభాగంలోకి మారి, అక్కడే ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. మధ్యలో పెళ్ళయింది. ఆరేళ్ళు నిలిచింది. “మీరు చెడ్డవాళ్ళని కాదు. మీతో ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టుంటుంది,” అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. తనతో ఉన్నా తనకీ అలాగే ఉండేది.

ఐదో షెడ్డులోకి సందర్శకుల్ని రానివ్వరు. ప్రమాదాల్లో పడిపోయిన విమానాల ముక్కలు అక్కడ చెక్కపెట్టెల్లో ఉంటాయి. పదిహేడో నెంబరు పెట్టెలో ఏముందో భీమశంకరానికి తెలుసు. అతను ఈ ఊరికి వచ్చిందే దానికోసం. మంగళవారం మ్యూజియానికి సెలవు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక అతను వెళ్ళి, ఆ పెట్టె ఎదురుగా మడతకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ మూత తియ్యలేదు.

*

డాక్టర్ తస్నీమ్ వచ్చి అతని మంగళవారాలు పాడుచేసింది.

గుంటూరు పిల్ల. లోహశాస్త్రంలో పరిశోధన చేసి, ఒక యంత్రం తయారుచేసి, దాన్ని లారీలో వేసుకుని వచ్చింది. ఐదో షెడ్డులో ఒక మూల అద్దాల గది కట్టించుకుంది. గది బయట ఏదో పాత విమానం నుంచి ఊడదీసిన సీటు, దాని ముందు ఒక స్టిక్ బిగించింది. ఆ స్టిక్ కిందనుంచి తీగలు అద్దాల గదిలోకి పోతాయి.

“లోహానికి జ్ఞాపకం ఉండదు సార్, అలసట ఉంటుంది,” అని మొదటిరోజే చెప్పింది. “పైలట్ స్టిక్ లాగిన ప్రతిసారీ కింద కడ్డీల మీద, కీళ్ళ మీద బరువు పడుతుంది. పడ్డ ప్రతిసారీ లోపల ఒక గీత మిగులుతుంది. వెంట్రుకలో వెయ్యో వంతు. ఆ గీతల్ని వరసగా చదివితే ఆ చెయ్యి ఎప్పుడు ఎంత లాగిందో తెలుస్తుంది. దాన్ని తిప్పి ఈ స్టిక్‌కి ఇస్తాను.”

అతను అర్థమైనట్టు తలూపాడు. అసలు అర్థమైంది మాత్రం కాంటీన్ అంకమ్మ వల్ల. టీ తెచ్చిన అంకమ్మను తస్నీమ్ ఆ సీట్లో కూర్చోబెట్టి, స్టిక్ పట్టుకోమంది. మీట నొక్కింది. స్టిక్ మెల్లగా ఎడమకు వాలింది, కాసేపు ఆగింది, చిన్నగా అదిరి మళ్ళీ మధ్యకు వచ్చింది. అంకమ్మ కెవ్వుమని చెయ్యి లాక్కుంది.

“ఏందమ్మా ఇది, లోపలెవురో ఉండారు! నా చెయ్యి పట్టుకోని తిప్పతన్నారు!”

“ఉన్నారు కాదు అంకమ్మా, ఉండేవారు. యాభై ఏళ్ళ కిందటి చెయ్యి అది.”

అంకమ్మ తన అరచేతిని చూసుకుంది. “ఇంకోపాలి తిప్పు,” అంది.

అయితే ఆ చదువుకి ఒక వెల ఉంది. గీత కనబడాలంటే పై పొర తీసెయ్యాలి. తీసిన పొర మళ్ళీ రాదు. చదవడం పూర్తయ్యేసరికి కీలు ఉండదు, గాజుపళ్ళెంలో బూడిదరంగు పొడి మిగులుతుంది. అందుకే మ్యూజియం డైరెక్టరు ఆమెను నిలబెట్టిన విమానాల దగ్గరికి రానివ్వలేదు. “ఎలాగూ ముక్కలైనవి ఉన్నాయి కదా, వాటిమీద చేసుకో,” అని ఐదో షెడ్డు అప్పగించాడు.

తస్నీమ్ ఒకటో నెంబరు పెట్టెతో మొదలుపెట్టింది. భీమశంకరం మనసులో లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. ఆరు. తొమ్మిది. పదమూడు.

జూన్‌లో ఒకనాడు ఆమె కాగితాల కట్ట పట్టుకుని అతన్ని వెతుక్కుంటూ మూడో షెడ్డు వెనకున్న అతని గదికి వచ్చింది.

“సార్, ఈ ‘పైలట్ ఆఫీసర్ ఎం. భీమశంకరం’ మీరేనా?”

“నేనే.”

“తొమ్మిదేళ్ళుగా ఇక్కడుండి ఎవరికీ చెప్పలేదా?”

“ఎవరూ అడగలేదమ్మా.”

ఆమె కూర్చోకుండానే కాగితాలు తిప్పింది. విచారణ సంఘం తేల్చింది నాలుగు వాక్యాల్లో ఉంది. అలా తిరిగే విమానాన్ని దారికి తేవాలంటే స్టిక్ ముందుకు తొయ్యాలి. ఎవరో గట్టిగా వెనక్కి లాగి పట్టుకున్నారు. ఆ సమయంలో నియంత్రణ శిక్షకుడి దగ్గర ఉంది. కాబట్టి తప్పు శిక్షకుడిది.

“నియంత్రణ ఆయన దగ్గర ఉందని చెప్పింది మీరు,” అంది తస్నీమ్.

“అవును.”

“గుర్తుందా సార్?”

ఆ ప్రశ్న నలభై ఆరేళ్ళలో ఎవరూ వెయ్యలేదు. భీమశంకరం కిటికీలోంచి రన్‌వే మీద ఎండ చూస్తూ చెప్పాడు. గుర్తున్నది ఇంతే. వెనకనుంచి రాజుగారి గొంతు, ‘ఐ హావ్ కంట్రోల్’ అనడం. ఆ మాట వినగానే ముందున్నవాడు స్టిక్ వదిలెయ్యాలి. వదిలాడా? అది గుర్తులేదు. నేల గుండ్రంగా తిరగడం గుర్తుంది. ఆ తరవాత ఆసుపత్రి, నడుము చుట్టూ పట్టీ. పక్కన ఒక పెద్ద ఆఫీసరు కూర్చుని, “స్టిక్ రాజు చేతిలోనే ఉంది కదూ?” అని మెల్లగా అడగడం. అవును సార్ అన్నాడు. ఆయన అతని భుజం తట్టాడు. ఆ ‘అవును’ని తరవాత మూడుసార్లు రాసిచ్చాడు. రాయగా రాయగా అదే జ్ఞాపకమై కూర్చుంది. కానీ అది జ్ఞాపకం కాదని లోపల ఎక్కడో ఎప్పుడూ తెలుస్తూనే ఉండేది.

“పదిహేడో పెట్టెలో తోక దగ్గరి కీలు ఒక్కటే చెక్కుచెదరకుండా దొరికింది,” అంది తస్నీమ్. “చివరి పదకొండు సెకన్లు అందులో ఉన్నాయి. మీరు ఒప్పుకుంటేనే చదువుతాను. రాజుగారికి ఒక అమ్మాయి ఉందట, ఆవిడ్నీ అడగాలి.”

“ఆవిడ ఏమంటారు?”

“నిన్న ఫోన్ చేశాను సార్. ‘వెంటనే చదవండి’ అన్నారు.”

ఇక అతను కాదనడానికి ఏముంది?

*

చదవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ భీమశంకరం బడిపిల్లలకు విమానాలు చూపించాడు. కాంటీన్‌లో గోడవైపు తిరిగి అన్నం తిన్నాడు. ఒకరోజు అంకమ్మ, “ఏంది సార్, కూరలో ఉప్పు లేకపోయినా అట్టాగే తినేశారే,” అంది. అతను గమనించలేదు.

పదో రోజు మధ్యాహ్నం తస్నీమ్ పిలిచింది. కళ్ళ కింద నల్లగా ఉంది. గాజుపళ్ళెంలో పొడి అతని కంటపడింది. నలభై ఆరేళ్ళు దాగిన వస్తువు, చిటికెడు.

“ముందే చెబుతున్నాను సార్. దీన్నిబట్టి ఎవరిదో తేలదు,” అంది. “ముందు సీటు స్టిక్, వెనక సీటు స్టిక్ కింద ఒకే కడ్డీకి కలుస్తాయి కదా. ఈ కీలుకి చేరింది రెండు చేతుల బరువూ కలిపి. మొదటి ఏడు సెకన్లలో రెండు లయలు విడివిడిగా దొరికాయి. ఒకటి వెనక్కి లాగుతోంది. ఇంకోటి ముందుకు తోస్తోంది. లాగింది ఎవరో, తోసింది ఎవరో యంత్రం చెప్పలేదు.”

“ఏడో సెకను తరవాత?”

“అక్కడ మీ సీటు ఎగిరిపోయింది. వెనకనుంచి ఆయనే మీ సీటు కింది మందు పేల్చి మిమ్మల్ని బయటికి పంపారు, అది విచారణలోనే ఉంది. చివరి నాలుగు సెకన్లు ఆయన ఒక్కరే. కానీ ఆ చెయ్యి కదల్లేదు సార్. స్థిరంగా పట్టుకుంది, అంతే. కదలని చేతిని పోల్చడానికి వీల్లేదు.”

ఆమె గాజుపళ్ళెం పక్కకు జరిపింది. “మీ చేతి లయ తీసుకుంటే పోల్చొచ్చేమో. కానీ ఇన్నేళ్ళ తరవాత, వయసు మీదపడ్డ చెయ్యి. దానిమీద నేను సంతకం పెట్టలేను. తేల్చలేమని రాసేస్తాను.”

“నేనొకసారి పట్టుకోవచ్చా?”

సీట్లో కూర్చున్నాడు. నడుము కలుక్కుమంది. స్టిక్ చేతిలోకి తీసుకున్నాడు. తస్నీమ్ మీట నొక్కింది.

కదలకముందే అతనికి తెలిసిపోయింది. స్టిక్ వెనక్కి రావడానికి రెప్పపాటు ముందే అతని మోచెయ్యి వెనక్కి వచ్చింది. ఎటు ఎంత లాగుతుందో, ఎక్కడ ఒక్క క్షణం సడలి మళ్ళీ మొండిగా బిగుస్తుందో, భుజానికి ముందే తెలుసు. తను దాన్ని అనుసరించడం లేదు. తనే చేస్తున్నాడు. దానికి ఎదురుగా ఇంకో చెయ్యి ముందుకు తోస్తోంది. కోపంగా కాదు. నిద్రలో మంచం కోడు పట్టుకుని వదలని పిల్లవాడి వేళ్ళు విప్పదీస్తున్నట్టు, ఒకసారి, మళ్ళీ ఒకసారి, మళ్ళీ. ఏడో సెకనులో లాగే చెయ్యి చటుక్కున మాయమైంది. స్టిక్ ముందుకు వెళ్ళి నిలబడింది. నాలుగు సెకన్లు.

ఆగిపోయింది.

“ఏమైనా తెలిసిందా సార్?” అంది తస్నీమ్ అద్దం వెనకనుంచి.

భీమశంకరం స్టిక్ వదిలి లేచాడు. “లేదమ్మా,” అన్నాడు.

*

పెనుమత్స మృణాళిని మంగళవారం వస్తున్నట్టు కబురు పంపింది. మధ్యలో నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజులూ అతను చెప్పకపోవడానికి కారణాలు వెతికాడు. దొరికాయి కూడా. యంత్రమే తేల్చలేమంది. రాజుగారి భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చెబితే ఎవరికి మేలు? కారణాలు బాగానే ఉన్నాయి గానీ, అన్నం దగ్గర కూర్చుంటే చెయ్యి ముద్ద పెట్టనిచ్చేది కాదు. ఇన్నాళ్ళూ అనుమానంతో బతికాడు. అనుమానంలో కనీసం సగం చోటు తనకు ఉండేది. ఇప్పుడు ఆ సగమూ పోయింది. ఈ సంగతి భూమ్మీద ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడితో ఒకే గదిలో ఉండటం కష్టంగా ఉంది.

మంగళవారం పదకొండింటికి ఒంగోలు బస్సులో ఆమె దిగింది. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. నూలు చీర, భుజానికి పెద్ద సంచి, చేతిలో నీళ్ళ సీసా. నరసాపురంలో ఆర్టీసీ డిపో మేనేజరట. దిగగానే తను వచ్చిన బస్సు వెనక టైర్లు చూసి, డ్రైవరుతో ఏదో చెప్పి గానీ ఇటు తిరగలేదు.

“భీమశంకరం గారంటే మీరేనాండి? అమ్మ మీ పేరు చెబుతుండేది.”

“ఏమని?”

“ఆ కుర్రాడు బతికాడు, అంతే చాలు అనేదండి.”

ఇద్దరూ ఎండలో ఐదో షెడ్డు దాకా నడిచారు. దారిలో ఆమే మాట్లాడింది. తండ్రి పోయేనాటికి ఆమెకు మూడేళ్ళు. ఆయన గొంతు గుర్తులేదు, ముఖం ఫొటోల్లోదే. ఆయన పనిచేసిన అకాడమీలో, శిక్షణ ఇస్తూ పోయినవాళ్ళ పేర్లు ఒక పలకమీద చెక్కించారు. తప్పు ఆయనదే అన్నారు కాబట్టి ఆయన పేరు లేదు. చిన్నప్పుడు ఒకసారి తల్లితో వెళ్ళి ఆ పలక చూసింది. తల్లి పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, పద అంది.

“విచారణలంటే నాకూ తెల్సండి,” అంది మృణాళిని. “మా డిపోలో యాక్సిడెంటు అయితే రిపోర్టు నేనే రాయాలి. డ్రైవరు బతికుంటే నాలుగు రకాలుగా అడుగుతాం. చచ్చిపోయినవాడి మీద రాయడం సులువు. నేనూ రాశాను. రెండుసార్లు. రాసిన ప్రతిసారీ మా నాన్న గుర్తొచ్చాడు. అయినా రాశానండి.”

షెడ్డులో తస్నీమ్ ఆమెకు అంతా వివరంగా చెప్పి, తేల్చలేకపోయామని క్షమాపణ అడిగింది. మృణాళిని తల అడ్డంగా ఊపింది.

“తేల్చడానికి రాలేదమ్మా. నాన్న చెయ్యి పట్టుకోవచ్చని ఫోన్లో అన్నావు. అందుకొచ్చాను.”

చీర కుచ్చిళ్ళు సర్దుకుని సీట్లో కూర్చుంది. స్టిక్ పట్టుకుంది. తస్నీమ్ మీట నొక్కింది. స్టిక్ బలంగా వెనక్కి వచ్చి ఆమె చేతిని ఒంటికి లాక్కుంది. మృణాళిని కళ్ళు మూసుకుంది. పదకొండు సెకన్లు గడిచాయి. కళ్ళు తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

“ఎంత బలం,” అంది మెల్లగా. “ఎలా లాగాడో. బతకాలని ఎంత ఉందో పాపం.”

భీమశంకరం సీటు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె అతని చేతిని తండ్రి చెయ్యి అనుకుంటోంది. ఊరుకుంటే అలాగే అనుకుని ఇంటికి వెళుతుంది. జన్మంతా ఆ చేతినే తలుచుకుంటుంది.

“కాదమ్మా,” అన్నాడు.

“ఏంటండి?”

“అది మీ నాన్నగారిది కాదు. లాగింది నేను.”

తస్నీమ్ అద్దాల గదిలోంచి బయటికి వచ్చింది. రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినిపించింది.

“ఇంకోసారి పెట్టమ్మా తస్నీమ్,” అన్నాడు భీమశంకరం. మృణాళిని పక్కన నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చేతిమీద కాకుండా స్టిక్ అడుగున రెండు వేళ్ళు ఆనించాడు. స్టిక్ కదిలింది. “ఇదిగో, ఈ గట్టిగా వెనక్కి లాగేది నేను. భయపడిపోయాను. ఆయన వదలమన్నా వదల్లేదు. ఇప్పుడు చూడండి, దీని లోపలనుంచి మెల్లగా ముందుకు నెడుతోంది చూశారా? అది ఆయన. మళ్ళీ నెడుతున్నారు. మళ్ళీ. ఇదిగో, ఇక్కడ నన్ను బయటికి పంపేశారు. ఇక్కణ్నుంచి మీ నాన్నగారు ఒక్కరే.”

స్టిక్ ముందుకు వెళ్ళి నిలిచింది. దానిమీద మృణాళిని చెయ్యి నిలిచింది. నాలుగు సెకన్లు.

“వణకటం లేదు,” అంది ఆమె.

“లేదమ్మా. ఆ పట్టుకు విమానం తిరగడం ఆగిపోయి ఉంటుంది. ఎత్తే చాల్లేదు. ఇంకో మూడు సెకన్లకు సరిపడా ఎత్తు ఉంటే బయటపడేవారు. నా చేతిలో ఏడు పోయాయి.”

మృణాళిని చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది.

“అమ్మ పోయి పదకొండేళ్ళండి,” అంది చివరికి. “ఆ పలక దగ్గర నిలబడి రెండుసార్లు చదివింది. మీరు ఒక్క ఉత్తరం ముక్క రాసుంటే.”

“తెలియదమ్మా. ఆ రోజు వదిలానో లేదో నాకు నిజంగా తెలియదు.”

“తెలియదని రాయొచ్చుగా.”

అది నిజం. నలభై ఆరేళ్ళలో ఆ రెండు ముక్కలు అతనికి తట్టలేదు. తెలియదు అని రాయొచ్చు.

ఆమె స్టిక్ వదల్లేదు. తస్నీమ్ వైపు తిరిగి, “ఆ చివరి నాలుగు సెకన్లే పెట్టడానికి కుదురుతుందా?” అని అడిగింది. కుదురుతుందంది తస్నీమ్. భీమశంకరం లేచి షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు. వెనక మీట నొక్కిన చప్పుడు, తరవాత నిశ్శబ్దం. మళ్ళీ మీట. మళ్ళీ నిశ్శబ్దం. ఎన్నిసార్లో అతను లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం కాంటీన్ బల్ల మీద అతను రాశాడు. పెద్దగా లేదు, పేజీన్నర. స్టిక్ నా చేతిలో ఉంది, నేను వదల్లేదు, శిక్షకుడు చెయ్యవలసిందంతా చేశారు. మృణాళిని ఎదురుగా కూర్చుని ప్రతి వాక్యమూ చదివింది. ఒకచోట ‘బహుశా’ అని ఉంటే కొట్టేయించింది. తస్నీమ్ సాక్షి సంతకం పెట్టింది. ఒక ప్రతి అకాడమీకి, ఒకటి వాయుసేన ప్రధాన కార్యాలయానికి, ఒకటి మృణాళిని సంచిలోకి. డైరెక్టరుకు కూడా ఒకటి ఇస్తూ, రేపటినుంచి పిల్లలకు విమానాలు చూపించడానికి వేరేవాళ్ళను చూసుకోమని చెప్పాడు. ఎందుకు అని డైరెక్టరు అడగలేదు. కాగితం చదివాడు, పక్కన పెట్టాడు.

నాలుగున్నరకు బస్సు. గేటు దగ్గర ఒకే ఒక్క బెంచీ. మృణాళిని ఒక చివర, భీమశంకరం రెండో చివర కూర్చున్నారు. దూరంగా దుమ్ము లేచింది. ఆమె సంచి భుజాన వేసుకుని లేచి నిలబడింది.

“ఒంగోలు దాకా రండి,” అంది.

అతనికి అర్థం కాలేదు.

“క్షమించానని కాదండి. అది నా వల్ల అవుతుందో లేదో తెలీదు. మా నాన్న మాట్లాడగా విన్నవాళ్ళు ఇంకెవరున్నారు? నాన్న స్నేహితులంతా పోయారు. మీరొక్కరే మిగిలారు. దారిలో ఎలా మాట్లాడేవాడో చెప్పండి.”

బస్సు వచ్చి ఆగింది. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. అతను నడవా పక్కన, మధ్యలో సంచి. కండక్టరు విజిలేశాడు. తుమ్మచెట్లు వెనక్కి జరిగేదాకా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక భీమశంకరం ఊరుకున్నాడు. ఆమె ఎదురుచూసింది.

“ఇంటర్‌కమ్‌లో ఇంగ్లీషే మాట్లాడాలమ్మా,” అన్నాడు చివరికి. “కోపం వస్తే మాత్రం మీ నాన్నగారికి తెలుగే వచ్చేది. అప్పుడు కూడా నన్ను ‘మీరు’ అనే అనేవారు. ‘శంకరంగారూ, తమరు ఆ ముందు సీట్లో నిద్రపోతే ఎలాగండీ’ అని.”

మృణాళిని కిటికీ వైపు తిరిగింది. “ఊఁ,” అంది. “ఇంకా?”